నడిచేవాళ్లను లెక్కలోకి తీసుకునే వీధి

(సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు, పురపాలక ఇంజినీర్లు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగం మంది సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు, సగం మంది మున్సిపాలిటీల్లో పనిచేస్తున్నవాళ్లు. అందుకని మీ అందరికీ తెలిసిన ఒక పట్టికతో మొదలుపెడతాను. రోడ్డు వెడల్పు నిర్ణయించే ముందు మనం ట్రాఫిక్ లెక్క కడతాం. గంటకు ఎన్ని వాహనాలు పోతున్నాయో రోడ్డు పక్కన కూర్చుని లెక్కబెట్టి, వాటన్నిటినీ ప్యాసింజర్ కార్ యూనిట్లలోకి మారుస్తాం. కారుకు ఒకటి. బస్సుకు సుమారు మూడు. మోటార్ సైకిలుకు అర, మామూలు సైకిలుకూ దాదాపు అంతే. ఆ పట్టికలో గుర్రపు బండికి ఒక వరుస ఉంది, తోపుడు బండికి ఒక వరుస ఉంది. నడిచే మనిషికి వరుస లేదు.

బస్సులో యాభై మంది ఉన్నా సరే, ఆ పట్టిక దృష్టిలో అది మూడు కార్ల చోటు ఆక్రమించే ఒక వస్తువు. పట్టిక తప్పని నేను అనడం లేదు. వాహనాలు ఎంత చోటు తింటాయో చెప్పడానికే దాన్ని తయారుచేశారు. కానీ వీధి ఎలా ఉండాలో తేల్చడానికి మనం పట్టుకున్న కొలబద్ద అదొక్కటే అయినప్పుడు, అందులో లేని మనిషికి డ్రాయింగులోనూ చోటు దొరకదు. ముందు లేన్లు గీస్తాం, డివైడర్ గీస్తాం, చివర ఏమైనా మిగిలితే దానికి ఫుట్‌పాత్ అని పేరు పెడతాం.

ఈ వరుసను తిరగెయ్యాలని మిమ్మల్ని అడగడానికే ఇవాళ ఇక్కడికి వచ్చాను. డ్రాయింగు మొదలుపెట్టే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ వీధిలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి తన ఇంటి గుమ్మం నుంచి బస్సు మెట్టు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లగలరా? మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కావచ్చు, వీల్‌చైర్‌లో ఉన్న యువకుడు కావచ్చు, తెల్లకర్రతో నడిచే విద్యార్థి కావచ్చు, పుస్తకాల సంచీ మోసుకుపోయే ఏడేళ్ల పిల్ల కావచ్చు. వాళ్లు వెళ్లగలిగిన వీధిలో మిగతా అందరూ వెళ్లగలరు.

ఇది కొద్దిమంది కోసం చేసే ఉపకారం అని ఎవరైనా అనుకుంటే ఈ అంకెలు వినండి. 2011 జనాభా లెక్కల్లో, పనికి ఎలా వెళ్తున్నారని జనాన్ని అడిగారు. వ్యవసాయం కాక ఇతర పనులు చేసేవారిలో నూటికి ఇరవై మందికి పైగా నడిచి వెళ్తున్నారని, పదమూడు మంది సైకిలు మీద వెళ్తున్నారని తేలింది. కార్లలో వెళ్లేవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆ తర్వాత కార్లు పెరిగాయి, నిజమే. అయినా బస్సు ఎక్కే ప్రతి మనిషీ, మెట్రో ఎక్కే ప్రతి మనిషీ ప్రయాణానికి రెండు కొసల్లోనూ నడిచే మనిషే. ఇక ప్రమాదాల సంగతి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడుస్తున్నవాళ్లు. అంటే రోజుకు దాదాపు తొంభై మంది. ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లు మొత్తంలో 44 శాతానికి పైనే. చుట్టూ ఇనుప డొక్కు లేని మనిషే మన రోడ్ల మీద ఎక్కువగా చనిపోతున్నాడు.

వేగం గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం. ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

బోర్డు మీద చిన్న లెక్క వేస్తాను. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 8.3 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో కనిపించినప్పుడు, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి డ్రైవరుకు ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులో కారు 8.3 మీటర్లు పోయింది. రోడ్డు పొడిగా ఉండి బ్రేకులు బాగుంటే ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్ల చిల్లర. ఇప్పుడు అదే కారు 50లో వస్తోంది. సెకనుకు 13.9 మీటర్లు. అంటే డ్రైవరు కాలు ఇంకా బ్రేకును తాకకముందే దాదాపు 14 మీటర్లు అయిపోయాయి. ఆగడానికి ఇంకో 14 మీటర్లు కావాలి. కారుకు పధ్నాలుగు మీటర్ల ముందు, ఆగి ఉన్న ఆటో వెనక నుంచి ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. 30లో వచ్చే కారు వాడి ముందు ఆగుతుంది. 50లో వచ్చే కారు దాదాపు అదే 50తో వాడిని కొడుతుంది. రెండు కార్లలోనూ డ్రైవరు ఒకడే, అంతే జాగ్రత్త ఉన్నవాడే, పిల్లవాడూ ఒకడే. ఇక దెబ్బ తీవ్రత వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 50లో ఉన్న శక్తి 30లో ఉన్న శక్తికి రెండున్నర రెట్లకు పైనే.

1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన విధానానికి పునాది ఇదే. మనిషి పొరపాటు చేస్తాడు, పిల్లలు మరీను. ఆ పొరపాటుకు శిక్ష మరణం కాకుండా రోడ్డును కట్టడం కట్టేవాడి బాధ్యత అని వాళ్లు చట్టసభలో ఒప్పుకున్నారు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ దేశాల సమావేశం, నడిచేవాళ్లూ సైకిళ్లూ వాహనాలతో కలిసి తిరిగే చోట్ల వేగం 30 దాటకూడదని ప్రకటించింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సగానికి పైగా వీధుల్లో ఇప్పుడు 30 పరిమితి ఉంది. 2025 జూలై నాటికి ఆ నగరంలో ఏడాది పాటు రోడ్డు ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు. ఒక్కరు కూడా!

బోర్డు పాతితే వేగం తగ్గదని మీరు అంటారు. నేనూ అదే అంటాను. వేగాన్ని రోడ్డు ఆకారమే నిర్ణయిస్తుంది. మూడున్నర మీటర్ల లేన్ హైవేకు సరిపోయే వెడల్పు. ఊరి నడుమ మూడు మీటర్లు చాలు. మిగిలిన అర మీటరు రెండు పక్కలా కలిస్తే ఒక చెట్ల వరుస వస్తుంది. కూడలి మూలను పెద్ద వంపుగా గీస్తే బండి వేగం తగ్గించకుండానే తిరుగుతుంది. వంపు చిన్నది చేస్తే నెమ్మదించక తప్పదు, దాటవలసిన దూరమూ తగ్గుతుంది. జీబ్రా గీతలున్న చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపితే మనిషి సమతలం మీద దాటతాడు, వాహనం ఎక్కి దిగుతుంది. స్పీడ్ బ్రేకరు వేస్తే సరైన కొలతతో వెయ్యండి. మన రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. 25 కిలోమీటర్ల వేగంతో దాని మీదుగా హాయిగా పోవచ్చు. మన కాలనీల్లో ఏం వేస్తున్నారు? రాత్రికి రాత్రి మోకాలి ఎత్తు సిమెంటు దిమ్మ పోసేస్తారు. రంగు ఉండదు, ముందు హెచ్చరిక ఉండదు. గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో దాని మీద నుంచి ఎలా పోవాలో ఎవరూ ఆలోచించరు.

ఇప్పుడు ఫుట్‌పాత్ దగ్గరికి వద్దాం. మన దగ్గర ప్రమాణాలు లేవని చాలామంది అనుకుంటారు. ఉన్నాయి. ఐఆర్‌సీ 103 అనే పుస్తకం 2012లోనే స్పష్టంగా చెప్పింది: అడ్డు లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగలగాలి. అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ 1.8 మీటర్లలో స్తంభం, చెట్టు, ట్రాన్స్‌ఫార్మర్ ఏదీ ఉండకూడదు. వాటికి విడిగా ఒక పట్టీ కేటాయించాలి.

ఈ ప్రమాణాలను మనసులో పెట్టుకుని మన నగరాల్లో ఏదైనా ఒక ప్రధాన వీధిలో అర కిలోమీటరు నడిచి చూడండి. బస్సు దిగగానే అడుగున్నర ఎత్తు గట్టు. ఎందుకంత ఎత్తు? అది నిజానికి మురుగు కాలువ మీద వేసిన పలక. కాలువ గోడ ఎంత ఎత్తుంటే ఫుట్‌పాత్ అంత ఎత్తు. పైగా ఎత్తుగా ఉంటే బండ్లు ఎక్కవని ఒక నమ్మకం. బండి ఎక్కనిచోటికి పెద్దావిడ ఎలా ఎక్కుతారు? సరే, ఎక్కారు. ఇరవై అడుగులు నడిచాక మొదటి గేటు. కారు లోపలికి వెళ్లడానికి ఇంటివాళ్లు ఫుట్‌పాత్‌ను అడ్డంగా కోసి ర్యాంపు వేసుకున్నారు. దిగాలి, మళ్లీ ఎక్కాలి. తర్వాత ఒక షాపు. దాని మెట్లు ఫుట్‌పాత్ మీదే. తర్వాత కంచె వేసిన ట్రాన్స్‌ఫార్మర్. అక్కడ రోడ్డు మీదికి దిగక తప్పదు. మళ్లీ ఎక్కితే ఒక పలక విరిగి, లోపల నల్లటి నీరు కనిపిస్తుంది. ఆపై వరుసగా బైకులు. పెట్రోలు బంకు దగ్గర ఫుట్‌పాతే లేదు. ఇంతా చూశాక, ఫుట్‌పాత్ ఉన్నా జనం రోడ్డు మీదే నడుస్తారని, మనవాళ్లకు క్రమశిక్షణ లేదని అనడం న్యాయమేనా? ఎక్కి దిగి, ఎక్కి దిగి అలసిపోయి, తెగకుండా సాగే దారిని వాళ్లు ఎంచుకున్నారు.

కాలువ గట్టు పది మైళ్లు బాగుండి ఒక్కచోట గండి పడితే శివారు పొలానికి నీరు అందదు. ఫుట్‌పాత్ కూడా అంతే. టెండరులో మనం కొలిచేది ఎన్ని కిలోమీటర్లు వేశామని. కొలవవలసింది ఎన్ని చోట్ల తెగిందని. గేటు దగ్గర ఫుట్‌పాత్ దిగకూడదు. కారే అంచున చిన్న వాలు ఎక్కి, ఫుట్‌పాత్ మీదుగా నెమ్మదిగా లోపలికి వెళ్లాలి. ఈ ఒక్క నియమాన్ని ప్రతి ఇంటి ముందూ పాటిస్తే మన వీధుల్లో సగం బాధ తీరుతుంది.

అక్కడక్కడ పసుపు రంగు పలకలు చూసే ఉంటారు, పైకి ఉబ్బిన గీతలూ చుక్కలూ ఉన్నవి. వాటిని జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన 1965లో కనిపెట్టారు. 1967 మార్చి 18న ఒకాయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి వేశారు. గీతలుంటే ఇటువైపు సాగమని, చుక్కలుంటే ఆగి చూసుకోమని అర్థం. పాదంతోనూ కర్రతోనూ చదివే లిపి అది. మన దగ్గర చాలాచోట్ల దాన్ని అలంకారంగా వేస్తున్నారు. గీతల పలకలు తిన్నగా వెళ్లి విద్యుత్ స్తంభానికి తగులుతాయి. రోడ్డు దాటే చోట చుక్కలు ఉండవు. లేదా మేస్త్రీ దగ్గర గీతల పలకలు అయిపోయాయని మధ్యలో చుక్కలవి వేస్తాడు. చూపున్నవాళ్లకు అది చిన్న తేడా. దాన్ని నమ్మి నడిచేవాళ్లకు తప్పుడు దారి చూపడమే. వెయ్యకపోవడం కన్నా తప్పుగా వెయ్యడం ఎక్కువ ప్రమాదకరం. దయచేసి పనిని ఒప్పుకునే ముందు, దృష్టి లోపం ఉన్న ఒకరిని పిలిచి వాళ్ల కర్రతో ఆ దారిని పరీక్షింపజేయండి. వాళ్లు సరే అన్నాకే బిల్లు మీద సంతకం పెట్టండి.

కూడళ్ల విషయంలో నాకు ఎక్కువ ఆవేదన ఉంది. హైదరాబాద్‌లో గత కొన్నేళ్లుగా చాలా సిగ్నళ్లు మూసి, యూటర్న్‌లు పెట్టారు. వాహనం ఎక్కడా ఆగనక్కర్లేదు, బాగానే ఉంది. మరి మనిషి ఎప్పుడు దాటాలి? వాహనాలకు ఎర్ర లైటు పడడమే మనిషికి దొరికే ఏకైక సందు. అది పోయింది. ఫ్రీ లెఫ్ట్ కూడా అంతే. ఎడమకు తిరిగేవాళ్లు ఆగకుండా పోవచ్చంటే, ఆ మూలలో నడిచేవాళ్లకు పచ్చ లైటు ఎన్నడూ రాదని అర్థం. సిగ్నల్ ఉన్నచోట సమయం లెక్క చూడండి. నడకకు మనం తీసుకునే వేగం సెకనుకు 1.2 మీటర్లు. ఆరు లేన్లు, 21 మీటర్లు దాటడానికి ఆ లెక్కన పద్దెనిమిది సెకన్లు చాలు. కానీ డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు చాలామంది సెకనుకు 0.8 మీటర్ల కంటే వేగంగా నడవలేరు. వాళ్లకు ఇరవై ఆరు సెకన్లు కావాలి. ఆ ఎనిమిది సెకన్లు వాళ్లు రోడ్డు నడిమధ్యన ఉంటారు. అందుకే డివైడర్ దగ్గర నిలబడే చోటు కావాలి, కనీసం వీల్‌చైర్ పట్టేంత వెడల్పుతో, ఎత్తు లేకుండా.

దీనికి బదులుగా మనం ఫుట్ ఓవర్ బ్రిడ్జీలు కడుతున్నాం. కింద లారీ పోవాలంటే కనీసం 5.5 మీటర్ల ఎత్తు వదలాలి. మెట్టుకు 15 సెంటీమీటర్లు వేసుకున్నా ముప్పై ఆరు మెట్లు దాటతాయి. ఎక్కి, దిగి, మొత్తం డెబ్బైకి పైగా. కారులో కూర్చున్నవాళ్లకు అర నిమిషం మిగల్చడానికి, కూరగాయల సంచీతో ఉన్న ఆవిడతో డెబ్బై మెట్లు ఎక్కించి దింపుతున్నాం. లిఫ్టు ఉందంటారు. ఆగిపోయిన లిఫ్టు ముందు వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి మరో దారి ఏది? ఉప్పల్ కూడలిలో 2023లో ప్రారంభించిన స్కైవాక్ లాంటివి వేరు. అక్కడ మెట్రో స్టేషన్ ఎలాగూ పైనే ఉంది కాబట్టి అది స్టేషన్‌నూ రోడ్లనూ కలుపుతుంది. హైవేల మీద కూడా వంతెన అవసరమే. ఊరి నడుమ మాత్రం మనిషి నేల మీదే దాటాలి.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రహదారులను కూడా అందరికీ అందుబాటులో ఉంచాలంటోంది. దృష్టి లోపం ఉన్న ఒక పౌరుడు 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేస్తే కుదరదని, తప్పనిసరి నియమాలు చెయ్యాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న దివ్యాంగుల అధ్యయన కేంద్రమే. 2025 మేలో అదే కోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఇంజినీర్లు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి: 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి 198ఏ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ప్రాణనష్టం జరిగితే సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది.

మన దేశంలో ఇవన్నీ సాధ్యమా అంటే, చేసి చూపించినవాళ్లున్నారు. చెన్నై టీ నగర్‌లో పాండీ బజార్ మీలో చాలామంది చూసే ఉంటారు. తెలుగువాళ్లు పెళ్లి బట్టలకు వెళ్లే పేట అది. 2019 నవంబరులో అక్కడి త్యాగరాయ రోడ్డును కొత్త రూపంతో ప్రారంభించారు. వాహనాల దారిని కుదించి రెండు పక్కలా ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు, కూర్చోవడానికి బల్లలు వేశారు. వాహనాలను పూర్తిగా నిషేధించలేదు. వాటికి దక్కవలసినంతే ఇచ్చారు. బెంగళూరులో టెండర్‌ష్యూర్ పేరుతో చేసిన రోడ్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది కంటికి కనిపించనిది. నీళ్లు, కరెంటు, కేబుళ్లు, మురుగు అన్నిటికీ ఫుట్‌పాత్ కింద ముందే విడివిడి దారులు వేశారు. కొత్త కేబుల్ వెయ్యాలంటే తవ్వనక్కర్లేదు. మన దగ్గర మంచి ఫుట్‌పాత్ పాడయ్యేది ఎక్కువగా తవ్వకాల వల్లే కదా. వేసిన ఆర్నెల్లకు ఎవరో వచ్చి తవ్వి, మట్టి పోసి వెళ్తారు. ఆ మట్టి కుప్ప అక్కడే ఉండిపోతుంది.

వెనక నుంచి ఎవరో వీధి వ్యాపారుల గురించి అడుగుతున్నారు. మంచి ప్రశ్న. వాళ్లను తొలగిస్తే ఫుట్‌పాత్ ఖాళీ అవుతుందన్నది తేలికైన మాట. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, టౌన్ వెండింగ్ కమిటీ చోటు చూపాలి. చట్టం పక్కన పెట్టినా, రాత్రి తొమ్మిదిన్నరకు బస్సు దిగి నడిచే అమ్మాయికి ఆ ఇడ్లీ బండి దీపం, దాని దగ్గర నిలబడ్డ నలుగురు మనుషులు ఎంత ధైర్యమో అడిగి చూడండి. చెట్లు, స్తంభాలు ఉండే పట్టీలోనే బండ్లకు కొలిచి గళ్లు గీయండి. 1.8 మీటర్లు వదిలి, మిగతాది వాళ్లకు ఇవ్వండి. అన్నట్టు, దీపాలు కూడా అంతే. ఎత్తయిన స్తంభం వెలుగు రోడ్డు మీద పడుతుంది, చెట్ల నీడ ఫుట్‌పాత్ మీద పడుతుంది. ఫుట్‌పాత్‌కు కొమ్మల కింద, మనిషి ముఖం కనిపించే ఎత్తులో విడిగా దీపాలు కావాలి.

ఇంకొక ప్రశ్న. ‘మా ఊళ్లో మెయిన్ బజారు ముప్పై అడుగులే. ఇందులో ఫుట్‌పాత్ ఎక్కడ పెట్టమంటారు?’ అని పురపాలక ఇంజినీరు ఒకరు అడిగారు. పెట్టకండి. ముప్పై అడుగులంటే తొమ్మిది మీటర్లు. రెండు పక్కలా మూడేసి అడుగుల గట్టు కడితే అది ఎవరికీ పనికిరాదు. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉద్యమం చేశారు. ఆ దేశం అప్పటినుంచే మారింది. అక్కడి డెల్ఫ్ట్ పట్టణంలో ఇరుకు వీధులకు కనిపెట్టిన పద్ధతి మీ బజారుకు సరిపోతుంది. గట్టు తీసేసి ఆ చివర నుంచి ఈ చివర దాకా నేలంతా ఒకే ఎత్తున పరవండి. తారు కాకుండా రాతి పలకలో ఇటుక బిళ్లలో వేస్తే, వాహనంలో వచ్చినవాడికి ఇది తన రోడ్డు కాదని చక్రం కింద తెలుస్తుంది. దారిని తిన్నగా ఉంచకండి. చెట్టు, బల్ల, బండ్లు ఆపే చోటు ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క పెట్టండి. అలాంటి దారిలో ఎవరూ 15 దాటి పోలేరు. దృష్టి లోపం ఉన్నవాళ్లకు మాత్రం గట్టు లేకపోతే ఆనవాలు పోతుంది. కాబట్టి గోడ వెంట ఒక పక్కన గీతల పలకలతో తెగని దారి తప్పనిసరి. సరుకుల లారీలను పొద్దున్నే, దుకాణాలు తెరవకముందే రానివ్వండి. అంబులెన్సుకూ ఫైరింజనుకూ మూడున్నర మీటర్లు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

దుకాణదారులు ఒప్పుకోరని మీరు భయపడుతున్నారు. కాంక్రీటు పోసే ముందు ఒక నెల పాటు సున్నపు గీతలు, ప్లాస్టిక్ దిమ్మెలు, పూలకుండీలతో ఇదంతా ఏర్పాటు చేసి చూపించండి. ఎక్కడ లారీ తిరగలేదో, ఎక్కడ నీళ్లు నిలిచాయో ఆ నెలలోనే తెలుస్తుంది. కుండీ జరపడానికి ఇద్దరు మనుషులు చాలు. మొదలుపెట్టడానికి ముందు ఒక రోజు, మొదలుపెట్టాక ఒక రోజు, బడి వదిలే వేళకు బజారులో నిలబడి లెక్కబెట్టండి. ఎంతమంది నడిచారు, వాళ్లలో పిల్లలెందరు, ముసలివాళ్లెందరు, కర్ర పట్టుకున్నవాళ్లెందరు అని వేర్వేరు గళ్లలో రాయండి. ఆ కాగితాన్ని ఎస్టిమేటుకు జతచేసి కౌన్సిల్ ముందు పెట్టండి. దుకాణదారులనూ ఆ సమావేశానికి పిలవండి.